రెండేళ్ల చదువు పోలీసు శిక్షణకు నకలు కాకూడదు

అమెరికాలో పోలీసు, ప్రొబేషన్ (దోషులను జైలుకు పంపకుండా బయటే పర్యవేక్షించే విభాగం), జైలు, కోర్టు ఉద్యోగాల వైపు చూసే సామాన్య కుటుంబాల పిల్లలకు చేతికందే చదువు కమ్యూనిటీ కాలేజీలోని (రెండేళ్ల డిగ్రీలిచ్చే స్థానిక ప్రభుత్వ కళాశాలలోని) రెండేళ్ల క్రిమినల్ జస్టిస్ (నేర న్యాయ వ్యవస్థ) కోర్సు. ప్రవేశానికి పెద్దగా వడపోత ఉండదు, ఫీజూ విశ్వవిద్యాలయాల కంటే తక్కువే. అయితే ఈ కోర్సును పోలీసు అకాడమీకి సన్నాహంగా మాత్రమే నడిపితే దాని విలువ సగానికి సగం పోతుందని నా దృఢమైన అభిప్రాయం.

ఈ ప్రమాదం కొత్తది కాదు. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ నియమించిన సంఘం 1967లో పోలీసులకు క్రమంగా నాలుగేళ్ల డిగ్రీ తప్పనిసరి కావాలని సూచించింది. ఆ మరుసటి ఏడాది వచ్చిన చట్టం దరిమిలా ఫెడరల్ ప్రభుత్వం పోలీసుల చదువుకు గ్రాంట్లు, రుణాలు ఇవ్వడంతో కాలేజీలు పోటీపడి ఈ కోర్సులు తెరిచాయి. పదేళ్లు తిరిగేసరికి, 1978లో, నేరశాస్త్రవేత్త లారెన్స్ షెర్మన్ ఆధ్వర్యంలో వెలువడిన నివేదిక ఈ బోధనలో వృత్తి శిక్షణే తప్ప ఉన్నత విద్య కనిపించడం లేదని తప్పుపట్టి, రెండేళ్లతో ముగిసిపోయే డిగ్రీలను ఎత్తివేయాలని కూడా కోరింది. ఆ విమర్శలో నిజముంది. ఆ పరిష్కారంతో మాత్రం ఏకీభవించలేను, ఎందుకంటే అది పేద విద్యార్థి ముందు తలుపు మూసేయడమే అవుతుంది.

తరగతి గదిలో జరగవలసిందేమిటో చెప్పడానికి 1968 నాటి టెర్రీ వర్సెస్ ఒహాయో తీర్పు చాలు. క్లీవ్‌లాండ్‌లో ఇద్దరు వ్యక్తులు వంతులవారీగా ఒక దుకాణం అద్దంలోకి పదేపదే తొంగిచూసి వెళ్లడాన్ని గమనించిన డిటెక్టివ్ మెక్‌ఫాడెన్ వారిని ఆపి పైపైన తడిమి చూశారు, తుపాకులు దొరికాయి. సుప్రీంకోర్టు ఆయన చర్యను సమర్థిస్తూనే, కేవలం అనుమానం కలిగిందంటే సరిపోదని, ఆ అనుమానానికి ఆధారమైన నిర్దిష్ట వాస్తవాలను అధికారి చెప్పగలగాలని షరతు పెట్టింది. అకాడమీలో అభ్యర్థి తడిమే పద్ధతి నేర్చుకుంటాడు. కాలేజీలో అదే తీర్పుపై జస్టిస్ డగ్లస్ రాసిన అసమ్మతిని కూడా చదివి, ‘అనుమానాస్పదంగా కనిపించాడు’ అన్న వాక్యాన్ని తన రిపోర్టులోంచి కొట్టివేసి, చూసిందేమిటో రాయడం నేర్చుకోవాలి. రేపటి పోలీసు, రేపటి ప్రొబేషన్ అధికారి, సొంత అన్నయ్య జైల్లో ఉన్న విద్యార్థి ఒకే బల్ల దగ్గర కూర్చుని దీనిపై వాదించుకునే అవకాశం అకాడమీలో దొరకదు.

డిగ్రీ రకాల గురించి కూడా విద్యార్థులకు ముందే చెప్పాలి. కాలిఫోర్నియాలో నాలుగేళ్ల విశ్వవిద్యాలయానికి బదిలీ కావడానికి ఉద్దేశించిన అసోసియేట్ (రెండేళ్ల) డిగ్రీ పూర్తిచేసి, కనీస అర్హతలు అందుకున్నవారికి స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో సీటుకు హామీ ఉంది, కోరిన క్యాంపస్‌లోనే వస్తుందని కాదు. నేరుగా ఉద్యోగానికి ఉద్దేశించిన డిగ్రీ తీసుకున్నవారు విశ్వవిద్యాలయంలో చేరబోతే, వారి క్రెడిట్లలో (పూర్తిచేసిన కోర్సులకు లెక్కించే యూనిట్లలో) కొన్ని చాలాచోట్ల చెల్లవు. ఎఫ్‌బీఐ ఏజెంటు కావాలంటే నాలుగేళ్ల డిగ్రీ తప్పనిసరి అన్న సంగతి రెండో ఏడాది చివర్లో తెలిస్తే ఆ విద్యార్థికి జరిగే నష్టం చిన్నది కాదు.

కాలిఫోర్నియా రాష్ట్రం 2021లో చేసిన చట్టంతో అక్కడ పోలీసు నియామకానికి కనీస వయసు 18 నుంచి 21కి పెరిగింది. పోలీసింగ్‌పై ఆధునిక డిగ్రీ రూపొందించే పనిని ఆ చట్టం కమ్యూనిటీ కాలేజీల వ్యవస్థకే అప్పగించింది. అకాడమీలో కనీసం 664 గంటల శిక్షణ ఎలాగూ ఉంటుంది కాబట్టి, హైస్కూలుకూ ఉద్యోగానికీ మధ్య వచ్చిన ఈ మూడేళ్లను రాజ్యాంగ హక్కులకు, గణాంకాలు చదివి అర్థం చేసుకోవడానికి, మానసిక అనారోగ్యంతో బాధపడే మనిషితో మాట్లాడే తీరుకు కేటాయించాలి.