బోనెక్కిన అబద్ధం

‘నేను ముద్దాయితో రాజీపడి అబద్ధపు సాక్ష్యం చెబుతున్నాననడం నిజం కాదు.’ మన క్రిమినల్ కోర్టుల్లో సాక్షుల వాంగ్మూలాలు తిరగేస్తే ఈ వాక్యం ఎన్నిచోట్ల కనిపిస్తుందో లెక్కలేదు. సాక్షి ఎదురు తిరుగుతాడు. ‘నేనేం చూడలేదు, పోలీసులు తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకున్నారు’ అంటాడు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టు అనుమతితో సొంత సాక్షినే క్రాస్ ఎగ్జామినేషన్ చేసి, చివర్లో రాజీ సంగతి అడుగుతాడు. సాక్షి కాదంటాడు. టైపిస్టు ఆ ముక్క ఎక్కించుకుంటాడు. అంతటితో సరి. ఊళ్లో పెద్దమనుషుల దగ్గర ఎంతకు తెగిందో కోర్టు హాల్లో సగంమందికి తెలిసే ఉంటుంది. కేసు కొట్టేస్తారు, బంట్రోతు తర్వాతి పేరు పిలుస్తాడు. దేవుడి మీద చేసిన ప్రమాణం గురించి ఆ పూట ఎవరూ మళ్లీ ఎత్తరు.

చట్టం చూస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది. కోర్టు విచారణలో తెలిసి తెలిసి తప్పుడు సాక్ష్యం ఇచ్చినా, సాక్ష్యం సృష్టించినా భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా. ఉరిశిక్ష పడే నేరంలో ఒకరిని ఇరికించడానికి అబద్ధమాడితే 230వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. ఆ సాక్ష్యంతో నిర్దోషిని ఉరితీస్తే సాక్షికీ మరణశిక్ష వేయవచ్చు. ఇవేమీ కొత్తవి కావు. 1860 నాటి శిక్షాస్మృతిలో ఉన్నవే 2024 జులై 1 నుంచి కొత్త నంబర్లు తగిలించుకుని వచ్చాయి.

మరి ఇంత పదునున్న కత్తి ఒరలోంచి ఎందుకు రాదు? అబద్ధపు సాక్ష్యంతో నష్టపోయినవాడు నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లి కేసు పెట్టలేడు. నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 215, 379 సెక్షన్ల ప్రకారం ఫిర్యాదు చేయాల్సింది కోర్టే. అదీ న్యాయప్రయోజనాల దృష్ట్యా అవసరమని ఆ కోర్టుకు అనిపిస్తేనే. ఈ అడ్డుగోడను మేము తప్పుపట్టడం లేదు. అది లేకపోతే ఓడిన ప్రతివాడూ గెలిచినవాడి సాక్షుల మీద కేసులు వేస్తూ కూర్చుంటాడు. నిజం చెప్పేవాడూ బోనెక్కడానికి జంకుతాడు. అబద్ధం ఉద్దేశపూర్వకమైనదై, శిక్ష పడే అవకాశం ఉన్నప్పుడే ప్రాసిక్యూషన్‌కు వెళ్లాలని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. అదే కోర్టు 2000లో స్వరణ్ సింగ్ కేసులో వేరే సంగతి ఒప్పుకుంది. సాక్షి అబద్ధమాడుతున్నాడని జడ్జికి తెలిసినా, ఫిర్యాదుపై తానే సంతకం చేయాల్సి వస్తుందని వెనకాడుతున్నారని వాపోయింది. ఆ తర్వాత చట్టం మారింది. జడ్జి తరఫున అధీకృత కోర్టు అధికారి సంతకం చేసినా చాలు. ఫిర్యాదుకు ముందు ప్రాథమిక విచారణ తప్పనిసరి కాదని 2022లో సుప్రీంకోర్టే తేల్చింది. అయినా కదలిక లేదు. ఫైలు దుమ్ము దులిపి ఒక కేసు ముగించిన న్యాయాధికారి, అందులోంచి ఇంకో కేసు పుట్టించి, దానికి అప్పీలు, వాయిదాలు అన్నీ నెత్తిన పెట్టుకోవడానికి ఎందుకు సిద్ధపడతారు?

దగ్గరి దారి ఒకటుంది. తీర్పు చెప్పేటప్పుడే ఫలానా సాక్షి తెలిసి అబద్ధమాడాడని రాసి, అతని వివరణ విని, అక్కడే సంక్షిప్తంగా విచారించి శిక్షించే అధికారం సురక్షా సంహిత 383వ సెక్షన్ సెషన్స్ కోర్టుకూ, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటుకూ ఇస్తోంది. శిక్ష మూడు నెలలు, లేదా వెయ్యి రూపాయలు, లేదా రెండూ. పాత చట్టంలో అయిదొందలుండేది, కొత్తగా వెయ్యి చేశారు. కేంద్ర మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ లేకుండా బండి నడిపితే పడే జరిమానా కూడా వెయ్యే!

ఎవరిని శిక్షించాలన్న దగ్గరే మనం జాగ్రత్తపడాలి. ఎదురు తిరిగిన ప్రతి సాక్షీ అబద్ధాలకోరు కాడు. పోలీసులు దర్యాప్తులో రాసుకునే వాంగ్మూలానికి ప్రమాణం ఉండదు, సాక్షి సంతకం ఉండదు. దాన్ని కోర్టులో కాదన్నంత మాత్రాన నేరం కాదు. అందులో ఏం రాశారో సాక్షికే తెలియని సందర్భాలు కొల్లలు. మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలం వేరు. అక్కడ కొట్టాడని చెప్పి, సెషన్స్ కోర్టులో కొట్టలేదంటే, రెండింటిలో ఏది అబద్ధమో రుజువు చేయనక్కర్లేకుండానే శిక్షించవచ్చు. పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే కేసుల్లో పోలీసులు తెచ్చిన సాక్షుల వాంగ్మూలం మేజిస్ట్రేటు నమోదు చేయాల్సిందేనని సురక్షా సంహిత చెబుతోంది. మంచిదే. కానీ పోలీసు జీపులో వచ్చి భయంతో ఒక మాట చెప్పిన కూలీ, తర్వాత కోర్టులో నిజం చెబితే ఇరుక్కునేది అతనే.

బెస్ట్ బేకరీ కేసు గుర్తు చేసుకోండి. 2002లో వడోదరలో 14 మందిని చంపిన ఘటనలో సొంతవాళ్లను పోగొట్టుకున్న యువతి పదేపదే మాట మార్చింది. 2006లో సుప్రీంకోర్టు ఆమెకు ఏడాది జైలు వేసి, ఖర్చుల కింద 50 వేలు కట్టమంది. అదీ కోర్టు ధిక్కారం కింద. ఢిల్లీలో 1999 నాటి జెస్సికా లాల్ హత్య కేసులో మాట మార్చిన ఒక నటుడి మీద, తూటాల నిపుణుడి మీద చర్యకు హైకోర్టు ఆదేశించేసరికి 2013 వచ్చింది. మాట మార్చిన మనిషి ఎప్పుడూ కళ్లెదుటే ఉంటాడు. మార్పించినవాడు బోను దరిదాపుల్లోకి రాడు. సాక్షిని బెదిరించి అబద్ధం చెప్పించడం న్యాయ సంహిత 232వ సెక్షన్ కింద విడిగా నేరం. దానికి కోర్టు ఫిర్యాదు కోసం ఎదురుచూడక్కర్లేదని, పోలీసులే నేరుగా ఎఫ్ఐఆర్ కట్టవచ్చని సుప్రీంకోర్టు 2025లో స్పష్టం చేసింది. ఇక స్టేషన్లకు సాకు లేదు.

అబద్ధం పోలీసు వైపు నుంచే వస్తే? విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగితే, ఒక పేద యువకుణ్ని తెచ్చి నిలబెట్టారు. యావజ్జీవ శిక్ష పడింది. 2017 మార్చిలో హైదరాబాద్‌లోని అప్పటి ఉమ్మడి హైకోర్టు ఆ దర్యాప్తును తూర్పారబట్టి అతణ్ని నిర్దోషిగా వదిలేసింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. హైకోర్టు ఇప్పించింది లక్ష రూపాయలు. పంచనామాల మీద సంతకాలు పెట్టే మధ్యవర్తులను చూడండి: పిలిస్తే వచ్చే వీఆర్వోలు, మున్సిపల్ ఉద్యోగులు. వస్తువు ఎక్కడ దొరికిందో వాళ్లు నిజంగా చూశారా అని అడిగే ఓపిక ఎందరికుంది?

సివిల్ వైపు అబద్ధమంతా అఫిడవిట్లలోనే. మనోవర్తి కేసుల్లో లక్షల జీతగాడు నిరుద్యోగి అవుతాడు. ఆస్తులు, అప్పులు ఇరుపక్షాలూ ప్రమాణపూర్వకంగా వెల్లడించాలని, అబద్ధాలు రాస్తే ఇవే సెక్షన్ల కింద చర్య తీసుకోవచ్చని 2020లో రజనీష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫ్యామిలీ కోర్టులు ఇక్కడినుంచే మొదలుపెట్టవచ్చు. జీతం స్లిప్పు, ఐటీ రిటర్ను అబద్ధాన్ని అక్కడికక్కడే పట్టిస్తాయి.

సాక్షుల రక్షణ పథకానికి సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో ఆమోదముద్ర వేసింది. సాక్షి దరఖాస్తు చేస్తే ముప్పుపై పోలీసు అధికారి అయిదు పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. ఇప్పుడు సురక్షా సంహిత 398వ సెక్షన్ ప్రతి రాష్ట్రమూ సొంత పథకం నోటిఫై చేయాలంటోంది. ఆ పథకం ఉందని ఊళ్లోని సాక్షికి చెప్పేవారేరీ? సమన్లు ఇచ్చే కానిస్టేబుల్ చేతిలోనే దాని వివరాలతో ఒక తెలుగు కాగితం ఉండాలి.

అమరావతి, హైదరాబాద్ హైకోర్టులను మేము కోరేది ఒక్క సర్క్యులర్. సాక్షి ఎదురు తిరిగిన ప్రతి కేసులోనూ తీర్పులో ఒక పేరా తప్పనిసరి చేయండి. ఆ సాక్షి తెలిసి అబద్ధమాడాడా, భయంతోనా, లేక మొదటి వాంగ్మూలమే కల్పితమా? 379 లేదా 383 కింద చర్య ఎందుకు తీసుకోలేదు? దర్యాప్తు అధికారి గురించీ, మధ్యవర్తుల గురించీ అదే పేరాలో అవే ప్రశ్నలు. దీనికి పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు.