పెరటి కుంట ఎంత వాననైనా మింగేస్తుందా?

"పెరట్లోనో పొలం మూలనో 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు గుంట తవ్వండి. 3 లక్షల లీటర్లు నిలుస్తాయి. ఎంత కుండపోత కురిసినా చుక్క బయటికి పోదు. ఏడాదంతా నీళ్ళే. పక్కన ఎండిపోయిన బోరు కూడా పోస్తుంది. జేసీబీకి అరపూట పని." వానాకాలం వచ్చిందంటే చాలు, నిండు కుంట ఫొటో ఒకటి తగిలించుకుని ఈ మాట వాట్సాప్‌లో గుంపు నుంచి గుంపుకు తిరుగుతుంది.

కుంట తవ్వొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. మా అనంతపురం వైపు ఏడాది మొత్తానికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్లు. అందులో పెద్ద వాటా కొన్ని గట్టి వానల్లోనే పడి, వంకల్లో పారిపోతుంది. అలాంటి చోట ప్రతి పొలానికీ ఒక కుంట ఉండాలనే నా కోరిక. ఆంధ్రప్రదేశ్‌లో 'పంట సంజీవని' పేరుతో ఉపాధి హామీ కూలీల చేత ఊరూరా సేద్యపు కుంటలు తవ్వించినప్పుడు సంతోషించినవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే ఈ మెసేజ్ మీద కోపం. దీన్ని నమ్మి తవ్వితే కట్ట తెగుతుంది, పక్క చేను కోసుకుపోతుంది. ఆ తర్వాత ఆ ఊళ్ళో కుంట మాట ఎత్తితే వినేవాళ్ళుండరు.

ముందు ఆ 3 లక్షల లీటర్ల సంగతి. పొడవు, వెడల్పు, లోతు గుణిస్తే 300 ఘనపు మీటర్లు వస్తాయి, నిజమే. కానీ ఆ లెక్క నాలుగు పక్కలా గోడలు నిలువుగా ఉంటేనే కుదురుతుంది. మట్టి గోడ నిలువుగా నిలవదు. మీటరు లోతుకు మీటరు చొప్పున ఏటవాలు ఇస్తే, పైన 10 మీటర్లున్న కుంట అడుగున 4 మీటర్లకు వస్తుంది. అప్పుడు పట్టేది లక్షా 56 వేల లీటర్లు. వదులు నేలలో ఏటవాలు ఒకటిన్నర మీటర్లు ఇవ్వాలి. అప్పుడు అడుగున మిగిలేది ఒక్క మీటరు వెడల్పే, నీళ్ళు లక్షా 11 వేల లీటర్లే. అంచు దాకా నింపం కాబట్టి అందులోనూ కొంత తగ్గుతుంది.

ఏటవాలు ఎందుకని అడిగేవాళ్ళు కొత్తగా తవ్విన గుంటలోకి దిగి గోడను ఒకసారి దగ్గరగా చూడాలి. పైన అడుగో అడుగున్నరో ఎర్రమట్టి, దాని కింద గరుసు, ఇంకా కింద కొన్నిచోట్ల సుద్ద. మూడూ ఒకే తీరుగా తడవవు. గరుసులోంచి నీళ్ళు ఊరి కిందికి జారుతుంటే పైనున్న ఎర్రమట్టి పెళ్ళలు పెళ్ళలుగా ఊడిపడుతుంది. నల్లరేగడి అయితే ఎండకు నెర్రెలు విచ్చి, మొదటి వానకు ఆ నెర్రె వెంబడే గోడ మొత్తం కూర్చుంటుంది. దీనికి తోడు తవ్విన మట్టిని అంచునే కుప్ప పోస్తారు. ఆ బరువంతా గోడ మీదే పడుతుంది. అంచుకూ మట్టికట్టకూ మధ్య కనీసం మీటరు ఖాళీ వదలాలి. ఈ మాట ఆ మెసేజ్‌లో ఎక్కడా లేదు.

ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట, "ఎంత వాన కురిసినా చుక్క బయటికి పోదు" అన్నది. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. 100 మిల్లీమీటర్ల వాన పడితే ఒక్క ఎకరం మీదే 4 లక్షల లీటర్లు పడ్డట్టు. పైనున్న 3 ఎకరాల వాలు మీ కుంట వైపే ఉంటే 12 లక్షలు. నేల ఎండి, దుక్కి దున్ని ఉంటే అందులో చాలా భాగం ఇంకిపోతుంది. వారం రోజులుగా ముసురు పట్టి నేల నానిపోయి ఉంటే ఇంకేది తక్కువ, పారేది ఎక్కువ. మూడో వంతే పారిందనుకున్నా 4 లక్షల లీటర్లు వచ్చి పడతాయి. కుంట పట్టేది లక్షన్నర. మిగతా రెండున్నర లక్షలు ఎటు పోవాలి?

ఒక్క రోజులో 100 మిల్లీమీటర్లు అరుదేమీ కాదు. వాతావరణ శాఖ లెక్కలో అది 'భారీ వర్షం' కిందికే వస్తుంది. 115.5 దాటితే అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. ఎకరానికి 26 లక్షల లీటర్లు. దాన్ని పట్టే పెరటి కుంట ఎక్కడా ఉండదు.

నిండాక నీళ్ళు ఆగవు, వాటంతట అవే దారి వెతుక్కుంటాయి. మనం దారి ఇవ్వకపోతే కట్టలో ఎక్కడ తగ్గు ఉంటే అక్కడ పొర్లుతాయి. గట్టిపడని కొత్త మట్టికట్ట మీద బెత్తెడు నీళ్ళు పారినా చాలు, నానిన బెల్లంలా కరుగుతుంది. తెగిందంటే నిలిచిన నీళ్ళన్నీ ఒక్క ఊపున కింది చేలోకి వెళ్తాయి. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు తెగిందీ ఇలాగే. గేట్లు వదలగలిగినదాన్ని మించి వరద వచ్చింది, మట్టికట్ట మీదుగా పొర్లింది, కట్ట కొట్టుకుపోయింది, కింద ఊళ్ళు మునిగి జనం చనిపోయారు. మన కుంట దాని ముందు ఎంత చిన్నదైనా, మట్టికట్ట తెగే తీరు మాత్రం అదే.

మనవాళ్ళకు ఇది కొత్త విద్య కూడా కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అందులో చెక్కించారు. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం. చోటు తక్కువై నీరు ఎక్కువ కావడం మరో దోషం. మెసేజ్ గొప్పగా చెబుతున్న "ఎంత వానైనా పట్టే గుంట"ను ఆరున్నర శతాబ్దాల కిందటే మన రాయలసీమలోనే రాతి మీద దోషమని రాసిపెట్టారు.

కాబట్టి గుంట కన్నా ముందు మరవ సంగతి తేల్చుకోవాలి. మత్తడి అన్నా, అలుగు అన్నా అదే. నీళ్ళు లోపలికి వచ్చే దారికన్నా బయటికి పోయే దారి వెడల్పుగా ఉండాలి. కట్ట పైఅంచుకన్నా అడుగున్నర కిందికి ఉండాలి. దాన్ని పోసిన మట్టిలో కోయకూడదు, ఎన్నడూ కదపని గట్టినేలలో కోసి, రాళ్ళు పరిచి, ఇరుపక్కలా గరిక పట్టించాలి. అక్కడి నుంచి నీళ్ళు వంకకో వాగుకో చేరాలి, పక్క రైతు చేలోకి కాదు. మరవ నీళ్ళ మీద మొదలైన తగాదాలు తరాలు నడుస్తాయి. నీళ్ళు వచ్చే వైపు చిన్న పూడిక గుంట పెడితే ఇసుక, ఒండ్రు అందులోనే ఆగుతాయి. లేదంటే నాలుగైదు వానాకాలాలు తిరిగేసరికి కుంట లోతు సగానికి రావచ్చు.

వాయుగుండం కబురు తెలిసిన రోజే పగటి వెలుగులో మరవలో అడ్డుపడ్డ కంపా చెత్తా తీసెయ్యాలి. కట్టలో ఎలుక బొరియలు ఉంటే తవ్వి, బంకమట్టి కూరి, దిమ్మిస కొట్టాలి. కుంట అప్పటికే నిండుగా ఉంటే మోటారు పెట్టి కొంత తోడెయ్యాలి. నాలుగు ఇసుక బస్తాలు దగ్గర పెట్టుకోవాలి. అర్ధరాత్రి వానలో గడ్డపార పట్టుకుని కట్టకు గండి కొట్టబోవడం మాత్రం ఎవరూ చెయ్యొద్దు. నిలుచున్న చోటే తెగుతుంది.

"ఏడాదంతా నీళ్ళే" అన్నది ఇంకో ఆశ. ఎర్రనేలలో కుంట ఇంకుతుంది. రోజుకు బెత్తెడు దిగే కుంట నెలన్నర తిరక్కముందే అడుగంటుతుంది. ఎండలకు ఆవిరయ్యేది దీనికి అదనం: మా వైపు వేసవిలో రోజుకు 6 నుంచి 8 మిల్లీమీటర్లు. తవ్వక ముందే తెలుసుకోవాలంటే, అనుకున్న చోట మూరెడు గుంత తీసి, ఒకరోజు నీళ్ళతో నానబెట్టి, మర్నాడు మళ్ళీ నింపి ఎంత దిగిందో చూడండి. బాగా ఇంకే నేలైతే 6 పాళ్ళు జల్లెడ పట్టిన మట్టికి 1 పాలు సిమెంటు కలిపి పూత వెయ్యాలి, లేదా 500 మైక్రాన్ల మందం ప్లాస్టిక్ షీటు పరవాలి. ఇంత చేసినా కుంట ఇచ్చేది ఏడాది నీళ్ళు కాదు, బెట్టలో ఒక తడి. ఎకరానికి తుంపర్లతో 20 మిల్లీమీటర్ల తడి ఇవ్వడానికి 80 వేల లీటర్లు పడతాయి. అంటే కుంట నిండితే ఎకరానికి ఒక తడి, పొదుపుగా వాడితే రెండోది. వేరుశనగ ఊడలు దిగేటప్పుడో కాయ ఊరేటప్పుడో ఇరవై రోజులు వాన మొహం చాటేస్తే, పంట దక్కడానికీ పోవడానికీ తేడా ఆ ఒక్క తడే. నాకు అది చాలా గొప్ప మేలు. అబద్ధం కలిపి దాన్ని పెంచాల్సిన పని లేదు.

బోరు మాటకొస్తే, నీళ్ళు నిలవడం, బోరుకు ఇంకడం రెండూ ఒకే కుంటలో కుదరవు. షీటు పరిస్తే చుక్క ఇంకదు. ఇంకనిస్తే నిలవదు. ఇంకిన నీరైనా ముందు పైపొరల్లోకి, దగ్గరున్న బావుల్లోకి చేరుతుంది. వందల అడుగుల లోతున రాతి పగుళ్ళ మీద ఆధారపడ్డ బోరుకు ఒక్క కుంట వల్ల ఒక్క ఏడాదిలో నీళ్ళు రావు. ఊరి వాలంతా కుంటలూ చెక్‌డ్యాములూ ఉండి, కొన్నేళ్ళు వానలు పడితే మార్పు కనిపిస్తుంది. తొందరపడి బురద నీళ్ళను నేరుగా బోరు పైపులోకి వదిలితే ఒండ్రు పేరుకుని పగుళ్ళు పూడిపోతాయి. మహారాష్ట్రలో ఇంకా విడ్డూరం జరిగింది: షీటు పరిచిన పెద్ద పెద్ద కుంటలను వాన నీటితో కాక బోరు నీటితో నింపి, భూమి లోపలున్న నీళ్ళను ఎండకు ఆరబెట్టారు.

చివరిది, "పెరట్లో" అన్న మాట. ఇంటి పునాది పక్కన నీళ్ళు నిలిస్తే, రేగడి నేలలో ఆ మట్టి ఉబ్బుతూ కుంగుతూ గోడలు పగులుతాయి. మరుగుదొడ్డి గుంతకు దగ్గరైతే నీళ్ళు చెడతాయి. దోమలు పెరగకుండా వాటి పిల్లపురుగులను తినే గంబూసియా చేపలు వదలొచ్చు. వీటన్నిటికన్నా నన్ను కలతపెట్టేది పిల్లలు. సేద్యపు కుంటల్లో పడి పిల్లలు చనిపోయారన్న వార్త రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏటా వస్తూనే ఉంది. ఈత వచ్చినవాళ్ళు కూడా షీటు పరిచిన కుంటలోంచి పైకి రాలేరు. పాచి పట్టిన షీటు మీద కాలు నిలవదు, చేతికి పట్టు దొరకదు. పిల్లవాణ్ణి కాపాడబోయిన పెద్దవాళ్ళూ అలాగే పోయారు. చుట్టూ మనిషెత్తు కంచె, గడియ ఉన్న తలుపు లేకుండా ఇంటి దగ్గర కుంట తవ్వించొద్దు. మట్టి కుంటకు ఒక పక్క మెట్లు కోయించండి. షీటు కుంటకు నాలుగు వైపులా గుంజలు పాతి, ముడులు వేసిన మోకులు అడుగు దాకా వేలాడదీయండి, గాలి నింపిన లారీ ట్యూబు ఒకటి తాడు కట్టి గట్టున ఉంచండి. ఎవరైనా పడితే వెంటనే దూకకండి, ముందు ఆ ట్యూబు విసరండి. అది లేకపోతే చీర గానీ తాడు గానీ అందించండి.