‘వాడుకుని వెనక్కి పంపేయండి’ అనే మెసేజ్‌కి నా జవాబు

ఒడిశాలోని పర్లాకిమిడిలో నేనున్న ప్రతి వాట్సాప్ గ్రూపులోకీ ఒకే మెసేజ్ వచ్చి పడుతోంది. బరంపురం నుంచి బావమరిది పంపాడు, రాయగడ నుంచి పాత క్లాస్‌మేట్ పంపాడు, పక్క వీధి పెద్దాయన దండం బొమ్మ పెట్టి మరీ పంపారు. అందులో ఉన్నది ఇదీ: పెళ్లికో, క్రికెట్ ఫైనల్‌కో కెమెరా, పెద్ద టీవీ కావాలంటే కొనక్కర్లేదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుని వాడుకోండి, గడువు దాటకముందే ‘పనిచేయడం లేదు’ అని రిటర్న్ పెట్టేయండి. ఇది చట్టం ఇచ్చిన హక్కు. కంపెనీకి నష్టం లేదు, మళ్లీ సీలు వేసి అమ్ముకుంటుంది. స్టిక్కర్ చింపకపోతే ఎవరికీ తెలియదు. మోడల్ ఏదో ముందు ఊళ్లో షాపులో చూసుకోండి.

దయచేసి దీన్ని ఇక ఎవరికీ పంపకండి.

ముందు చట్టం సంగతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. లోపం ఉన్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోతే అది అనుచిత వ్యాపార పద్ధతి అని అందులో ఉంది. బిల్లు మీద గడువు రాస్తే ఆ గడువు, రాయకపోతే 30 రోజులు. అదే నెలలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం నకిలీ సరుకు, చూపించినదానికి తేడాగా ఉన్న సరుకు కూడా అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోవాలి. వాడుకోవడం అయిపోయింది కాబట్టి ఇచ్చేస్తానన్నదానికి వీటిలో ఎక్కడా చోటు లేదు. కారణం చెప్పకుండా 14 రోజుల్లో తిప్పి పంపే హక్కు యూరోపియన్ యూనియన్‌లో ఆన్‌లైన్ కొనుగోళ్లకు ఉంది. అక్కడ కూడా వస్తువును పరీక్షించడానికి అవసరమైనదానికంటే ఎక్కువ వాడితే, తగ్గిన విలువ మేరకు డబ్బు కోసుకోవచ్చు. ఇక్కడ లోపం లేని వస్తువుకి అమ్మేవాళ్లు రాసుకున్న పాలసీయే దిక్కు. చాలా సైట్లలో ఫోన్లకీ లాప్‌టాప్‌లకీ అది రీప్లేస్‌మెంట్ మాత్రమే.

స్టిక్కర్ మాట తేలిక. ఫోన్ మొదటిసారి ఆన్ చేసి నెట్‌కి కలిపిన రోజే చాలా కంపెనీల దగ్గర నమోదైపోతుంది. షాపులో చూడటం, ధర అడగడం తప్పు కాదు. ఆన్‌లైన్‌లో అప్పటికే ఆర్డర్ పెట్టేసి, షాపాయన చేత గంటసేపు మెనూలన్నీ చెప్పించుకోవడం తప్పు.

నాకు అసలు కోపం ‘పనిచేయడం లేదు’ అని నొక్కమనడం మీద. బాగున్న వస్తువును పాడైందని చెప్పి డబ్బు వెనక్కి తీసుకోవడం మోసం. భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318వ సెక్షన్ ఉంది. బరంపురం పట్టుచీర కట్టుకుని పెళ్లికి వెళ్లొచ్చి, నేతలో లోపం ఉందంటూ కొట్టుకి తిరిగి ఇవ్వమని మీ ఇంట్లో ఆడపిల్లకి చెబుతారా? మరి లక్ష రూపాయల కెమెరాకి ఎందుకు చెబుతున్నారు? ఎదుట మనిషి కనిపించడనా? మనిషి ఉన్నాడు. బిల్లు తీసి చూడండి, సైటు పేరు కాకుండా అమ్మినవాళ్ల పేరు వేరే ఉంటుంది. చాలాసార్లు అది ఎక్కడో చిన్న వ్యాపారి. సీలు తీసిన పెట్టెను న్యాయంగా కొత్తదని అమ్మలేడు, ధర తగ్గించుకోవాలి.

దీని దెబ్బ ముందుగా తగిలేది మనలాంటి ఊళ్లకే. పర్లాకిమిడిలో టీవీ పాడైతే చాలా బ్రాండ్లకి సర్వీసు సెంటర్ బరంపురంలో ఉంటుంది. పాతపట్నం పక్కనే ఉన్నా అది ఆంధ్ర, అక్కడివాళ్లు మీ పిన్‌కోడ్ వేరు, మా ఏరియా కాదంటారు. అంత దూరం మోసుకెళ్లలేనివాళ్లకి ఆ కొద్ది రోజుల రిటర్న్ గడువే ఆధారం. అబద్ధపు రిటర్న్‌లు పెరిగేకొద్దీ దాని చుట్టూ కంచెలు పెరుగుతున్నాయి: టెక్నీషియన్ వచ్చి చూసి రాసివ్వాలి, పెట్టె విప్పుతున్నప్పటి వీడియో కావాలి, డబ్బు ఇవ్వం, ఇంకో పీసు ఇస్తాం. నిజంగా తెర పగిలి వచ్చిన టీవీ పట్టుకుని కూర్చున్న కుటుంబం ఆ టెక్నీషియన్ కోసం రోజుల తరబడి ఎదురు చూడాలి. మీ ఒక్క రాత్రి మ్యాచ్ కోసం వాళ్లకెందుకీ టెన్షన్?

మళ్లీ సీలు వేసి అమ్ముతారన్న మాట మాత్రం పూర్తిగా అబద్ధం కాదు. మా చెల్లెలి కూతురికి కాలేజీ కోసం కొత్తదని తెప్పించిన లాప్‌టాప్ తెరిస్తే, అందులో ఎవరిదో మెయిల్ ఖాతా, ఎవరివో పెళ్లి ఫొటోలు. వాడినదాన్ని కొత్తదని అమ్మడం మోసమే, అలా జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టండి. కానీ మెసేజ్ రాసినాయన దీన్ని చూపించి ఎవరికీ నష్టం లేదంటున్నాడు. కొత్త లాప్‌టాప్ ధర కట్టి ఎవరో వాడి వదిలేసింది తీసుకున్న ఆ పిల్లది నష్టం కాదా? తన ఫొటోలు ఎవరి ఇంట్లో తెరుచుకున్నాయో తెలియని ఆ పెళ్లికూతురిది?

ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. ఇంటికి తెచ్చి వాడితే తప్ప తెలియని వస్తువులు ఉన్నాయి. షోరూమ్ దీపాల కింద వెలుగు పెంచి చూపించే టీవీ మన గదిలో అలా ఉండదు. చెవి మిషన్ అయితే మరీ. క్లినిక్ గదిలో బాగానే వినిపిస్తుంది, సంతలో పెట్టుకుంటే అంతా రొద. వేలకు వేలు పోసి కొనే పెద్దవాళ్లకి ట్రయల్ ఇవ్వాల్సిందే, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం 24వ సెక్షన్ ఇలాంటిదానికే ఉంది. నచ్చితే ఉంచుకుంటానని చెప్పి తెచ్చుకున్న వస్తువు, మీరు ఒప్పుకునేదాకా అమ్మినవాళ్లదే. గడువు దాటినా చెప్పకుండా ఉంచుకుంటే మాత్రం కొన్నట్టే. పెళ్లికి కెమెరా కావాలంటే అద్దెకు తెచ్చుకోండి. చెవి మిషన్ కొంటుంటే ట్రయల్ ఎన్ని రోజులు, వద్దనుకుంటే ఎంత కోసుకుంటారు, చెవి అచ్చు తీసి చేసిన మోల్డ్‌కి కట్టిన డబ్బు తిరిగి వస్తుందా రాదా, ఇవన్నీ డబ్బు కట్టకముందే బిల్లు మీద రాయించుకోండి.