ఖాళీగా వెనక్కెళ్లే బండికి డబ్బు ఎవరు కట్టాలి?

హైదరాబాద్ నుంచి కోనసీమకు కారు మాట్లాడుకున్న ప్రతి ఇంట్లోనూ ఈ గొడవ ఏదో ఒకరోజు వచ్చే ఉంటుంది. ఎక్కేది ఒకవైపే, బిల్లు మాత్రం రానూపోనూ. దీన్ని తప్పించుకునే దారి ఉందా, తప్పించుకోవడం న్యాయమేనా అని ఇద్దరి చేత వాదింపజేస్తున్నాను. ఒకరు రాజోలులో రెండు ట్యాక్సీలు తిప్పే మావయ్య. రెండోవారు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మేనల్లుడు. కిలోమీటరు రేటు లెక్క కోసం వేసుకున్నదే, ఎవరి ఊరి రేటు వాళ్లు పెట్టి చూసుకోవచ్చు.

మేనల్లుడు: మావయ్యా, మొన్న అక్కా వాళ్లు అమెరికా నుంచి శంషాబాద్‌లో దిగారు కదా. చిన్నపిల్లలు, పెద్ద పెద్ద పెట్టెలు. హైదరాబాద్ బండి ఒకటి మాట్లాడి ఇంటికి తీసుకొచ్చాం. దింపాక డ్రైవర్ ఇచ్చిన బిల్లులో 840 కిలోమీటర్లు వేశారు. శంషాబాద్ నుంచి మన ఊరు అటూ ఇటూగా 420. మిగతా 420 ఎవరు ఎక్కారండీ?

మావయ్య: ఎవరూ ఎక్కలేదు. అందుకే మీ మీద పడింది. ఎవరైనా ఎక్కుంటే వాళ్లే కట్టేవారు.

మేనల్లుడు: ఎక్కనివాళ్ల డబ్బు మేమెందుకు కట్టాలి?

మావయ్య: ఆ బండి హైదరాబాద్‌ది కాబట్టి. మిమ్మల్ని దింపాక అది ఇంటికెళ్లాలి కదరా. కిలోమీటరుకు 13 రూపాయలనుకో. 420కి 5,460. లీటరుకు 20 ఇచ్చే బండైనా 21 లీటర్ల డీజిల్ కావాలి, అంటే రెండు వేలు. వెనక్కి ఖాళీగా వెళ్లినా దాదాపు అంతే తాగుతుంది, ఇంకో రెండు వేలు. మిగిలింది 1,460. టోల్ ఇంకా తియ్యలేదు. డ్రైవర్ బత్తా, టైర్లు, బ్యాంకు కిస్తీ, ట్యాక్సీకి సొంత కారు కంటే ఎక్కువ కట్టే ఇన్సూరెన్స్, అన్నీ అందులోంచే రావాలి. రెండు రోజులు బండినీ మనిషినీ పంపి ఆ 1,460తో నేనేం చేసుకోను?

మేనల్లుడు: ఖర్చు ఇవ్వనని ఎవరన్నారు? మేం కూర్చుని వచ్చిన 420కి మీ లాభంతో కలిపి 13 ఇస్తాం. ఖాళీగా వెళ్లే 420కి కూడా లాభంతో కలిపి 13 ఎందుకు? దానికి డీజిల్, టోల్, బత్తా లెక్కగట్టి తీసుకోండి. అయినా అది నిజంగా ఖాళీగానే వెళ్లిందని నమ్మకమేంటి? రాజోలు, మలికిపురం, అమలాపురం ఎటు చూసినా కువైట్‌కో దుబాయ్‌కో మస్కట్‌కో వెళ్లేవాళ్లున్న ఇళ్లే. శంషాబాద్‌కి బండి కావాలనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆ డ్రైవర్ మమ్మల్ని దింపి, రావులపాలెం సెంటర్లో ఇంకొకళ్లని ఎక్కించుకుని, వాళ్ల దగ్గరా రానూపోనూ తీసుకున్నాడనుకోండి. ఒక్క రౌండు తిరిగి రెండు రౌండ్ల డబ్బు.

మావయ్య: అలా చేసేవాళ్లు లేరని నేను అనను. ఉన్నారు, అది తప్పే. కానీ హైదరాబాద్ డ్రైవర్‌కి రాజోలులో ఎవరు తెలుసు? మనిషి దొరికేదాకా ఆగితే నైట్ హాల్ట్ పడుతుంది. ఇంకో మాట కూడా ఉన్నదున్నట్టు చెప్తాను. మా స్టాండు దగ్గరికొచ్చి బయటి బండి మనిషిని ఎక్కించుకుంటే మా వాళ్లు ఊరుకోరు. నువ్వనే ఆ గల్ఫ్ కిరాయిల మీదే మా ఇళ్లు నడుస్తున్నాయి.

మేనల్లుడు: అంటే దాన్ని ఖాళీగా పంపేది మీరు, ఆ ఖాళీకి డబ్బు కట్టేది మేము!

మావయ్య: మా బండ్లు శంషాబాద్ వెళ్తే జరిగేదీ అదే. అక్కడివాళ్లు మమ్మల్ని ఎక్కించుకోనిస్తారా? పార్కింగులో గంట గంటకీ డబ్బు పెరుగుతుంటే మా డ్రైవర్ ఎవరో ఒకరికి ఫోన్ చేసుకుంటూ కూర్చుంటాడు.

(ఇక్కడ మేనల్లుడి మాట గట్టిదని నాకనిపిస్తుంది. అక్కడి స్టాండుకీ ఇక్కడి స్టాండుకీ మాటామంతీ ఉంటే ఈ ఖాళీ ప్రయాణాలు చాలావరకు తగ్గుతాయి. కానీ బండి తిరిగి ఇంటికెళ్లే ఖర్చు గురించి మావయ్య చెప్పిందీ నిజమే. దాన్ని కొట్టిపారేసి చేసే బేరం డ్రైవర్ కడుపు మీద కొడుతుంది.)

మేనల్లుడు: సరే, టోల్ సంగతి చెప్పండి. బిల్లులో వచ్చేటప్పుడు ఎంత వేశారో వెళ్లేటప్పుడూ అంతే వేశారు. 24 గంటల్లోపు అదే టోల్ గేటు మళ్లీ దాటితే రెండు వైపులకూ కలిపి ఒకటిన్నర రెట్లే పడుతుంది, ఫాస్టాగ్‌లో దానంతటదే తగ్గుతుంది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, అన్నిచోట్లా అంతే. కట్టని డబ్బు మా దగ్గర ఎలా తీసుకుంటారు?

మావయ్య: అలా తీసుకుంటే తప్పే. ఫాస్టాగ్ మెసేజ్‌లు చూపించమని అడుగు, అడగడంలో మొహమాటం అక్కర్లేదు. అయితే ఒకటి గమనించు. హైదరాబాద్ బండికి వచ్చేటప్పుడు ఈ మూడింట్లో మొదట తగిలేది పంతంగి, వెళ్లేటప్పుడు చివర తగిలేదీ అదే. ఏడెనిమిది గంటలు నడిపొచ్చిన డ్రైవర్ రాత్రంతా పడుకుని బయల్దేరితే చిల్లకల్లు దగ్గర ఆ తగ్గింపు దొరికినా పంతంగి చేరేసరికి 24 గంటలు దాటిపోవచ్చు. ఆ కాస్త డబ్బు కోసం నిద్ర లేనివాణ్ణి హైవే మీద పరిగెత్తించమంటే మాత్రం నేను ఒప్పుకోను.

మేనల్లుడు: నేనూ ఒప్పుకోను. అయినా మీరు ఇంత లెక్క చెప్తున్నారు, ఫోన్లో యాప్ తెరిస్తే వన్‌వే రేటు వేరే కనపడుతోంది. వాళ్లకి ఎలా గిట్టుబాటవుతోంది?

మావయ్య: విజయవాడకో రాజమండ్రికో పెట్టి చూడు, చూపిస్తుంది. రాజోలు పెట్టి చూడు. అయితే బండి దొరకదు, లేదా కిలోమీటరు రేటే ఎక్కువుంటుంది, తిరుగు ఖర్చు అందులో కలిసిపోతుంది. విజయవాడలో దింపినవాడికి హైదరాబాద్ వెళ్లే మనిషి గంటలో దొరుకుతాడు. మా ఊళ్లో దొరకడు. యాప్ చేసిన మాయేం లేదు, అక్కడ జనం ఉన్నారు, అంతే.

మేనల్లుడు: మరి అదే దారి పట్టుకోవచ్చుగా. విజయవాడ దాకా వన్‌వే, అక్కణ్ణించి బస్సు. లేదంటే అసలు కారే వద్దు. నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కి పాలకొల్లులో దిగితే, చించినాడ వంతెన దాటి రాజోలు ఎంత దూరం? పాతిక కిలోమీటర్ల లోపే. అక్కడికి మీ బండి పిలిస్తే ఖాళీగా తిరిగే దూరం కూడా అంతే. అప్పుడు రానూపోనూ ఇచ్చినా నాకు బాధ లేదు.

మావయ్య: అది మంచి పద్ధతే, నాకూ లాభమే. పాలకొల్లు స్టేషన్‌కి పొద్దున్నే ఒక ట్రిప్పు వేసుకుని మళ్లీ స్టాండులో ఉండొచ్చు. కానీ మీ అక్క విమానం దిగింది అర్ధరాత్రి. చంటిపిల్లతో, అన్ని పెట్టెలతో సిటీలోకి వెళ్లి, మళ్లీ రాత్రి రైలు దాకా ఎక్కడ కూర్చుంటుంది? సంక్రాంతికైతే ఆ రైల్లో సీటు గురించి మాట్లాడుకోవడమే దండగ. అమలాపురం వాళ్లకి ఆ దారి కూడా లేదు. కోటిపల్లి–నరసాపురం లైను ఎప్పుడు పూర్తవుతుందా అని తరాలుగా చూస్తున్నారు.

మేనల్లుడు: సెల్ఫ్ డ్రైవ్ తీసుకుంటే?

మావయ్య: ఎక్కడ తీసుకున్నావో అక్కడే అప్పగించమంటారు ఎక్కువమంది. వేరే ఊళ్లో వదలాలంటే ముందే ఒప్పుకోవాలి, దానికీ చార్జీ వేస్తారు. చెప్పకుండా వదిలేస్తే డిపాజిట్ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇంకా ముఖ్యమైంది, నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటేనే అది సెల్ఫ్ డ్రైవ్‌కి ఇచ్చే బండి. ఎవరిదో తెల్ల ప్లేటు కారు చౌకగా వస్తోందని తీసుకోకు. దారిలో ఏదైనా జరిగి, బండి అద్దెకిచ్చారని తేలితే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ తోసిపుచ్చుతారు. ఐదు వేలు మిగుల్చుకోబోయి లక్షల్లో ఇరుక్కుంటావు.

మేనల్లుడు: అమెరికాలోనూ ఒక ఊళ్లో కారు తీసుకుని ఇంకో ఊళ్లో వదిలితే విడిగా చార్జీ ఉంటుంది. కొందరు దాన్ని విడిగా చూపించకుండా రోజు అద్దెలోనే కలిపేస్తారు. అందుకే అక్కడివాళ్లు చివరి మొత్తం చూసి పోల్చుకుంటారు. కానీ అక్కడ ఇంకోటి కూడా ఉంది. చలికాలం ఫ్లోరిడాలో గడిపిన జనం ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతారు, కార్లు అక్కడ పేరుకుపోతాయి. వాటిని బయటికి తోలుకెళ్లేవాళ్లకి కంపెనీలే రేటు బాగా తగ్గిస్తాయి. న్యూజిలాండ్‌లో దక్షిణం వైపు మిగిలిపోయిన బండ్లని ఆక్లండ్ చేర్చేవాళ్లకి రోజుకు ఒక డాలరుకే ఇచ్చే సందర్భాలున్నాయి. బండి ఎటు వెళ్లాలో అటు వెళ్లే మనిషి దగ్గర తిరుగు ఖర్చు అడగరు. మీరెందుకు అలా చెయ్యరు?

మావయ్య: చెయ్యం అని ఎవరన్నారు? భోగికి ముందు హైదరాబాద్ జనాన్ని తీసుకురావడానికి ఇక్కణ్ణించి బండ్లు ఖాళీగా వెళ్తాయి. ఆ రెండు మూడు రోజులు అటు వెళ్లే మనిషి కనపడితే డీజిల్ డబ్బులకే ఎక్కించుకుంటాం. కనుమ దాటాక అంతా తిరగబడుతుంది, అప్పుడు అక్కణ్ణించి ఇటు వచ్చేవాడికి చౌక. ఈ సంగతి ఎవరూ అడగరు. అందరూ భోగి ముందు రాత్రే ఫోన్ చేసి ఇటు బండి కావాలంటారు, రేటు వినగానే దోపిడీ అంటారు.

మేనల్లుడు: అడగాలని మాకు తెలిస్తే కదండీ. మీరు చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? సరే, మన మధ్య ఒక మాట అనుకుందాం. వేసవిలో నాన్నగారి షష్టిపూర్తికి అక్కా వాళ్లు మళ్లీ వస్తున్నారు. ఈసారి మీ బండే. తిరుగులోనో వెళ్లేటప్పుడో మనిషి దొరికితే ఆ ఖాళీ 5,460లో సగం మాకు తగ్గించండి.

మావయ్య: సగం కుదరదు. ఆ మనిషిని వెతికేది నేను, ఆగేది నా డ్రైవర్.

మేనల్లుడు: మీకు వాళ్ల దగ్గర డబ్బు వస్తుందిగా! మా దగ్గర మళ్లీ ఎందుకు? అయినా మనిషి దొరికాడో లేదో నాకెలా తెలుస్తుంది? ఫాస్టాగ్ మెసేజ్‌లో మనుషులు కనపడరు.

మావయ్య: అందుకే ముందు చెప్పమంటున్నా. వారం ముందే విమానం టైము నాకు వాట్సాప్‌లో పెట్టు. ఆ తేదీకి ఇక్కణ్ణించి శంషాబాద్ వెళ్లేవాళ్లుంటే వాళ్లని దింపి మీవాళ్లని ఎక్కించుకుంటా. వాళ్లకి ఒకవైపు, మీకు ఒకవైపు, 13 చొప్పున. ఎవరూ లేకపోతే బయల్దేరకముందే చెప్తా. అప్పుడు రానూపోనూ కట్టి కారెక్కుతారో, పాలకొల్లు రైలెక్కుతారో మీ ఇష్టం.

మేనల్లుడు: ఇది బాగుంది. ఒకవేళ విమానం నాలుగు గంటలు లేటైతే?

మావయ్య: వెయిటింగ్ కట్టాలి అల్లుడూ. పార్కింగు కూడా.

మేనల్లుడు: రశీదు ఇస్తే పార్కింగు కడతాను. వెయిటింగ్ గంటకి ఎంతో ఇప్పుడే చెప్పండి, రాసుకుంటాను.