కనుమ నాటి ఒక్క పెగ్గు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఒక్క పెగ్గు గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, మనిద్దరం ఒకేసారి కుశలంగా ఉన్న రోజు లేదు కదా. ప్రస్తుతానికి నేను బాగున్నాను.

సంక్రాంతికి భీమవరం పక్కన మా ఊరు వస్తున్నాను. మీరూ వస్తారని తెలుసు. మీ అంతట మీరు ఏనాడూ రారు, అదే మీ గొప్ప. బావ చేతిలోనో బాబాయి చేతిలోనో ప్రేమగా వస్తారు, "ఏడాదికోసారి, ఒక్కటేరా" అంటూ. లెక్కప్రకారం మీరు 30 మిల్లీలీటర్లు. మా బావ పోతలో 60 దగ్గర మొదలై, జనం పందెం బరి నుంచి తిరిగొచ్చేసరికి సీసా అడుగు కనిపిస్తుంది. ఇంతా చేసి, నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు "వీడికి బుద్ధి లేదండీ" అని డాక్టరుగారితో మొరపెట్టుకున్నదీ ఈ బావే.

తాగుడు మానడానికి డైసల్ఫిరామ్ అనే మాత్ర వేసుకుంటున్నానంటే దానికీ ఆయన దగ్గర ఉపాయముంది: "పండగ నాలుగ్రోజులూ ఆపెయ్, ముక్కనుమ వెళ్లాక మళ్లీ మొదలెట్టు." ఆపినా రెండు వారాల దాకా దాని ప్రభావం ఒంట్లో ఉండొచ్చు, ఆలోపు మందు పడితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులతో మళ్లీ ఆస్పత్రే అని చెప్పాను. అంతా శ్రద్ధగా విని, "మరి బీరో?" అన్నాడు.

మావయ్యది రాజకీయం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1995లో ఎన్టీఆర్ మద్యనిషేధం తెచ్చారు, 1997లో ఎత్తేశారు. "గవర్నమెంటే నిలబడలేకపోయింది, నువ్వు నిలబడతావా?" గవర్నమెంటుకి మీ వల్ల రాబడి ఉంది, నాకు ఖర్చే కదా!

నా ఏర్పాట్లు నేను చేసుకున్నాను. చేతిలో గ్లాసు నిండా గోళీసోడా ఉంటుంది. ఖాళీ గ్లాసు చూస్తే మావాళ్ల ప్రాణం ఒప్పదు. ఆకలి మీద ఉంటే మీరు దగ్గరి చుట్టంలా కనిపిస్తారు, అందుకని మేడ మీద సభ మొదలవకముందే గారెలూ కోడికూరా తినేస్తాను. ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం) మీటింగులో పరిచయమైనాయన పండగ పూటైనా సరే ఫోన్ ఎత్తుతానన్నాడు. ఆయనకీ ఒక బావ ఉన్నాడట.

ఇట్లు,
ఈసారి మీకు దొరకనివాడు

తా.క.: కనుమ నాడు కాకైనా కదలదంటారు. నేను కదులుతాను, ఆటో మాట్లాడిపెట్టుకున్నాను.