సొమ్ము మీకు, జైలు వాళ్ళకా?

ఎక్కువమంది ఇరవైల్లో ఉన్న ఆడపిల్లలు. కొందరుండేది వేరే రాష్ట్రాల్లో, అయినా 2025లో చైనాలోని లాన్‌జౌ పోలీసుల నుంచి పిలుపొచ్చింది. చేసిన నేరం ఏంటయ్యా అంటే తైవాన్‌లో నడిచే హైతాంగ్ అనే సైట్‌లో ఇద్దరు మగవాళ్ళ ప్రేమకథలు రాయడం. అంతకుముందు ఏడాది ఇంకో రాష్ట్రం ఆన్‌హుయ్‌లో ఇదే తంతు. 2018లో అదే ఆన్‌హుయ్‌లో ఇలాంటి నవల రాసి అమ్ముకున్న ఒకామెకి కోర్టు వేసింది పదిన్నరేళ్ళు. ఒక నవలకి పదిన్నరేళ్ళేంటండీ!

మరి అదే చైనాలో 2019లో జరిగిందేంటి? ఈ కోవ నవలనే తీసుకుని, ప్రేమ తీసేసి ఆ చోట ప్రాణస్నేహం అతికించి 'ది అన్‌టేమ్డ్' అని సీరియల్ తీశారు. అక్కడి పెద్ద ఇంటర్నెట్ కంపెనీ టెన్సెంట్‌కి డబ్బే డబ్బు, నెట్‌ఫ్లిక్స్‌లో ప్రపంచమంతా చూసింది. అతికింపు సంగతి చూసేవాళ్ళకి తెలుసు, తీసినవాళ్ళకి ఇంకా బాగా తెలుసు, ఆ ఇద్దరు హీరోల చూపులకోసమేగా జనం ఎగబడింది. అప్పుడు పోలీసులెవరూ రాలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటే ఇదే, మేం ఈరోజు చెప్పదలుచుకున్నది కూడా ఇదొక్కటే.

చైనా గొడవ మనకెందుకు అనుకోకండి, ఈ బుద్ధి చైనాతో మొదలవలేదు. అమెరికాలో స్టార్ ట్రెక్ అనే టీవీ సీరియల్ రెండో సీజన్‌తోనే ఆగిపోయేలా ఉంటే అభిమానులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి 1968లో మూడో సీజన్ తెప్పించుకున్నారు. సీరియల్ ఆగిపోయాక కూడా దాన్ని బతికించింది ఆ అభిమానులే, చేత్తో తిప్పే మెషీన్ల మీద అచ్చేసుకున్న పత్రికలతో, వాటిని నడిపింది ఎక్కువగా ఆడవాళ్ళే. 1974లో 'గ్రప్' అనే పత్రిక మూడో సంచికలో డయాన్ మర్చంట్ అనే ఆస్ట్రేలియా అభిమాని ఓ చిన్న కథ రాసింది, అందులో పాత్రలకి పేర్లే లేవు. అది స్టార్ ట్రెక్ హీరోలు కిర్క్, స్పాక్‌ల కథ అని ఆమె ఎక్కడా రాయలేదు, చదివినవాళ్ళకి మాత్రం అర్థమైపోయింది. తర్వాత్తర్వాత ఒక లెక్క కుదిరింది, రెండు పేర్ల మధ్య '&' ఉంటే స్నేహం కథ, '/' గీత ఉంటే ప్రేమ కథ. ఆ గీత పేరే స్లాష్. ఈ కథలున్న పత్రికలు అభిమానుల సభల్లో టేబుల్ కింద నుంచి చేతులు మారేవి, కొనేవాళ్ళు మేజర్లమని సంతకం పెట్టాలి. బ్రిటన్‌లో అయితే టైపు కొట్టిన కథ ఒకరికి పోస్టులో వస్తుంది, జిరాక్స్ తీసుకుని అసలుది తిప్పి పంపాలి, అంతే, పైసా లాభం లేదు.

ఆ అభిమానం మీద బతికిన కంపెనీలేం చేశాయి? 1981లో లూకాస్‌ఫిల్మ్, తన స్టార్ వార్స్ సినిమాల మీద 'పెద్దలకు మాత్రమే' తరహా కథలు వేస్తున్న పత్రికలకి బెదిరింపు ఉత్తరాలు పంపింది. టికెట్లు కొన్నప్పుడు వీళ్ళు కుటుంబ ప్రేక్షకులు, కథ రాయగానే కుటుంబానికి ముప్పు! 2002లో అభిమానుల కథల సైట్ ఫ్యాన్‌ఫిక్షన్.నెట్ పెద్దల కథలన్నీ తీసేసింది. 2007 మే నెలలో బ్లాగుల సైట్ లైవ్‌జర్నల్ ఒక్క ఊపులో 500 దాకా అకౌంట్లు మూసేసింది, ఆ పేర్ల మీద అడ్డంగా గీత కొట్టేసి కనపడేది, స్లాష్ రాసేవాళ్ళతో పాటు చిన్నప్పుడు అత్యాచారానికి గురైనవాళ్ళు ఒకరికొకరు తోడుండే గ్రూపులు కూడా పోయాయి, తర్వాత సారీ చెప్పారనుకోండి. అదే ఏడాది ఫ్యాన్‌లిబ్ అనే కంపెనీ దిగి, మా దగ్గర రాయండి, ప్రకటనల డబ్బు మాది, కేసులొస్తే బాధ్యత మీది అంది. మళ్ళీ మల్లయ్యే.

అప్పుడు విసుగెత్తి, సర్వర్లే మనవైతే ఎవడు తీస్తాడో చూద్దాం అని అభిమానులే చందాలేసుకుని ఒక ఆర్కైవ్ కట్టుకున్నారు, ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్. ప్రకటనలు లేవు. 2009లో తలుపు తెరిస్తే ఇప్పుడక్కడ కోటికి పైగా రచనలున్నాయి, 2019లో సైన్స్ ఫిక్షన్ రచనలకిచ్చే హ్యూగో అవార్డు కూడా వచ్చింది. 2020 ఫిబ్రవరి చివర్లో అదీ చైనాలో మూతపడింది. ఒక నటుడి అభిమానులే తమ హీరో మీద వచ్చిన కథ నచ్చక మూకుమ్మడిగా ఫిర్యాదులు చేశారు, ఆ వెంటనే సైట్ తెరుచుకోవడం ఆగిపోయింది. (మూకుమ్మడి రిపోర్టింగ్ అంటే ఏంటో మన హీరోల ఫ్యాన్స్‌కి ఎవరూ నేర్పక్కర్లేదు.)

పిల్లల కంట పడకూడదనేవాళ్ళున్నారు, పాత్రలు సొంతదారులవి కదా అనేవాళ్ళూ ఉన్నారు. నిజమే. దానికి వయసు హెచ్చరికలున్నాయి, కథలో ఏముందో ముందే చెప్పే ట్యాగులున్నాయి, సంతకాల పద్ధతి దాదాపు యాభై ఏళ్ళ కిందే పెట్టుకున్నది కూడా ఈ ఆడవాళ్ళే. ఆ మాత్రానికి పదిన్నరేళ్ళ జైలా?

మన దగ్గర కూడా చూశాం. ఆర్ఆర్ఆర్ చూసి విదేశీ అభిమానులు రామ్‌కీ భీమ్‌కీ మధ్య ఆ గీత పెట్టి కథలల్లితే కొందరు నవ్వారు, కొందరు మా దేవుళ్ళలాంటి వీరుల్ని అంటారా అని తిట్టారు. అదే అభిమానులు హాల్లో లేచి గంతులేసిన వీడియోలు మాత్రం మనవాళ్ళే గర్వంగా షేర్ చేసుకున్నారు. గంతులు కావాలి, గీత వద్దు.

లాన్‌జౌలో వాడుతున్న అశ్లీలం నిబంధనలు 2004 నాటివి, కథకి ఎన్ని క్లిక్కులు పడ్డాయో చూసి నేరం ఎంత పెద్దదో తేలుస్తారు. సరే లెక్క పెట్టండి. ఒక ఆడపిల్ల రాత్రిళ్ళు కూర్చుని రాసిన కథకి పడ్డ క్లిక్కులు ఒక కాలమ్‌లో వేసుకోండి, అదే కోవ కథతో తీసిన సీరియల్‌కి పడ్డ క్లిక్కులు, వచ్చిన డబ్బు పక్క కాలమ్‌లో వేసుకోండి. రెండో కాలమ్ వాళ్ళని ఏ స్టేషన్‌కి పిలుస్తున్నారో కాస్త మాక్కూడా చెప్పండి.