నాలుగడుగుల తేడా

ప్రపంచ చరిత్రను రాజులు, యుద్ధాలు, కరువులు నడిపించాయని బడిలో చెప్పారు. పాపం, వాళ్ళకు తెలిసింది అంతే. నిజానికి దాన్ని నడిపించేది పక్కవాడి కంటే ఒక అంతస్తు ఎక్కువ వేయాలన్న తపన. నా సిద్ధాంతానికి రుజువు అమెరికాలోని అట్లాంటాలో నిలబడి ఉంది. పేరు వెస్టిన్ పీచ్‌ట్రీ ప్లాజా. గుండ్రటి అద్దాల గొట్టం లాంటి హోటల్. 73 అంతస్తులు, 723 అడుగులు, వెయ్యికి పైగా గదులు. 1976లో తెరిచిననాడు భూమ్మీద అంతకంటే ఎత్తైన హోటల్ లేదు.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. జార్జియాను పీచ్ పండ్ల రాష్ట్రం అంటారు. పండ్లు మాత్రం కాలిఫోర్నియాలోనూ, పొరుగునే ఉన్న సౌత్ కరోలినాలోనూ ఎక్కువ కాస్తాయి. ఆ లోటును అట్లాంటా వాళ్ళు వీధుల పేర్లతో భర్తీ చేసుకున్నారు. పీచ్‌ట్రీ అన్న మాట తగిలించుకున్న వీధులు అక్కడ డెబ్బై దాకా ఉంటాయని చెబుతారు. మా బావగారు అట్లాంటా శివారు ఆల్ఫరెట్టాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళినప్పుడు ఓ రోజు దారి తప్పి, "పీచ్‌ట్రీలో ఉన్నానురా" అని ధీమాగా ఫోన్ చేశారట. మా మేనల్లుడికి ఆయన్ని వెతకడానికి సాయంత్రం దాకా పట్టింది.

ఇక స్థలపురాణం. ఆ చోట ఒకప్పుడు జార్జియా గవర్నర్ నివాసం ఉండేది. దాని స్థానంలో 1924లో హెన్రీ గ్రేడీ హోటల్ వెలిసింది. సరిగ్గా ఆ ఏడాదే జాన్ పోర్ట్‌మన్ అనే శిశువు పుట్టాడు. జాతకాలు చూసేవాళ్ళుంటే హోటల్ యజమానిని అప్పుడే హెచ్చరించి ఉండేవారు. 1972లో ఆ హోటల్‌ను పడగొట్టారు. ఆ శిశువు పెద్దయ్యి గీసిన ప్లాను ప్రకారం అక్కడే ఈ గొట్టం లేచింది.

పోర్ట్‌మన్ ప్లాను గీసి ఊరుకునే రకం కాదు. కట్టించేదీ ఆయనే, అందులో వాటా పెట్టేదీ ఆయనే. ఆర్కిటెక్టుకు ఈ వ్యాపారాలేమిటని ఆ వృత్తిలో పెద్దలు ముక్కు మీద వేలేసుకున్నారు. మన దగ్గరైతే ఇందులో విడ్డూరమేమీ లేదు, మేస్త్రీయే బిల్డరై, బిల్డరే కార్పొరేటరై అంచెలంచెలుగా ఎదుగుతాడు. పోర్ట్‌మన్ 1967లో అదే ఊళ్ళో 22 అంతస్తుల హయత్ రీజెన్సీ హోటల్ కట్టి, దాని నెత్తిన నీలం గోపురం పెట్టి, అందులో గిర్రున తిరిగే రెస్టారెంటు నడిపించాడు. నాలుగు దిక్కులా ఊరు కనిపించేది. తర్వాత చుట్టూ టవర్లు లేచి ఆ చూపుకు అడ్డం నిలిచాయి. వాటిలో ఆయన కట్టినవీ ఉన్నాయి. ఎదురింటివాడు కిటికీకి అడ్డంగా గోడ లేపితే మనం కోర్టుకెక్కుతాం. ఆయన ఎవరి మీద వేస్తాడు కేసు?

పీచ్‌ట్రీ ప్లాజాలో అసలు ఘనత లోపల ఉంది. లాబీలో అర ఎకరం చెరువు పెట్టారు. మధ్యలో దీవుల్లాంటి తిన్నెలు, వాటి మీద కూర్చుని డ్రింకులు. తెలుగువాడు ఆగి ఆలోచించాల్సిన చోటు ఇదే. హైదరాబాద్‌లో మనం చెరువులో బిల్డింగు కడతాం. వాళ్ళు బిల్డింగులో చెరువు కట్టారు. చెరువు హద్దుల (ఎఫ్‌టీఎల్) గొడవ లేదు, ఆక్రమణలు కూల్చే హైడ్రా బుల్డోజర్ భయం లేదు. అయితే పదేళ్ళు తిరిగేసరికి రీమోడలింగ్ పేరుతో ఆ చెరువునూ తీసేశారు. ఏ పద్ధతిలో వెళ్ళినా చివరికి చెరువు పోయి బిల్డింగే మిగలడం గమనార్హం.

లోపల నీళ్ళూ పచ్చదనమూ పెట్టినవాళ్ళు వీధి వైపు మాత్రం చప్పటి కాంక్రీటు గోడ చూపించారు. పోర్ట్‌మన్ తన బిల్డింగులను కలుపుతూ వీధుల మీదుగా వంతెనలు కూడా వేయించాడు. అతిథి కాలు రోడ్డుకు తగలకుండానే ఊరు చూసి వెళ్ళిపోవచ్చు. కిందున్న ఊరికి ఎలా అనిపించిందో అడగాలని ఎవరికీ తట్టలేదు. అడగడానికి కిందికి దిగాలి మరి.

ఇంతకీ ప్రపంచ రికార్డు ఏమైంది? మరుసటేడే పోయింది. 1977లో డెట్రాయిట్‌లో ఇంకో గొట్టం హోటల్ లేచింది. దానికీ 73 అంతస్తులే, ఎత్తు మాత్రం 727 అడుగులు. తేడా నాలుగంటే నాలుగడుగులు. కట్టింది ఎవరయ్యా అంటే, మళ్ళీ మన పోర్ట్‌మనే. ఖైరతాబాద్ గణేశుడు కూడా 1954లో ఒక్క అడుగుతో మొదలై ఏటా ఒక్కో అడుగు పెరుగుతూ 2014కు 60 అడుగులయ్యాడు. నిరుటి తన రికార్డును ఈ ఏడు తానే బద్దలు కొట్టుకోవడం ఆయనకు అన్నాళ్ళూ అలవాటే. కానీ ఆయనకు ఏటా నిమజ్జనం ఉంది. కాంక్రీటుకు ఆ సౌకర్యం లేదు.

1986లో సింగపూర్‌లో వచ్చిన హోటల్ డెట్రాయిట్‌నూ దాటింది. దానికీ 73 అంతస్తులే! ఈ అంకెలో ఏదో మహిమ ఉందని నా అనుమానం. ఆ సింగపూర్ హోటల్ కట్టింది దక్షిణ కొరియా కంపెనీ. అది ఉత్తర కొరియాకు ఎక్కడో కాలిందంటారు. మరుసటేడే ప్యాంగ్యాంగ్‌లో 105 అంతస్తుల ర్యుగ్యాంగ్ హోటల్ మొదలుపెట్టారు. అది ఇప్పటికీ తెరుచుకోలేదు. ఒక్క అతిథీ దిగలేదు. రూమ్ సర్వీసు మీద ఫిర్యాదు లేని పెద్ద హోటల్ ప్రపంచంలో అదొక్కటే.

అట్లాంటా హోటల్‌కు 2008 మార్చిలో సుడిగాలి తగిలింది. వందల అద్దాలు పగిలాయి. పగిలినవాటికి కొత్తవి వేస్తే పాతవాటితో రంగు కలవదని చివరికి బిల్డింగు మొత్తానికీ, ఆరు వేలకు పైగా అద్దాలు మార్చారు. మ్యాచింగ్ బ్లౌజు దొరకలేదని చీరే మార్చేసిన మా అక్కయ్య గొప్ప ఇంజనీరని నాకు ఆ వార్త చదివాకే అర్థమైంది.

బావగారు తిరిగొచ్చేముందు ఫ్యామిలీ గ్రూపులో హోటల్ ఫొటో పెట్టారు. కింద "నేను ఎక్కిన ప్రపంచంలోకెల్లా ఎత్తైన హోటల్" అని రాశారు. గొట్టం చుట్టూ నాలుగు టవర్లు కాపలా కాస్తున్నట్టు నిలబడి ఉన్నాయి. అది డెట్రాయిట్ హోటల్, నెట్‌లోంచి తీసిన ఫొటో. ముప్పై ఒక్క దండాలు, పదకొండు చప్పట్లు వచ్చాయి. నేనూ ఓ చప్పట్ల బొమ్మ పెట్టేసి ఊరుకున్నాను. ఎంతైనా నాలుగడుగులు ఎక్కువే కదా.